పెదబాబు లిస్టులో ఒకటో నంబరు

మెమరీ కార్డు గోరంత ఉంటుంది. పెదబాబు దాన్ని చూడనైనా చూడడు. ఎదుటివాడి చేతిలోంచి తన వేళ్ళలోకి, వేళ్ళలోంచి రీడర్‌లోకి, అంతే. ఆపైన రెండు నొక్కులకి పాతదంతా చెరిగిపోతుంది, మూడో నొక్కుకి కొత్త పాటలు ఎక్కడం మొదలవుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. పైగా అతనికో పట్టుదల. కార్డు నిండాలి. ఇంకొక్క పాట కూడా పట్టదని కంప్యూటరే చెప్పాలి. సగం ఖాళీ కార్డు చేతికిస్తే ఆ పూట అతనికి అన్నం సయించదు.

"ఆగాగు బాబాయ్," అన్నాడు ఆటో నడిపే బాబీ, గాజు కౌంటరు మీదికి వంగి. "దాన్లో నాలుగు పాటలున్నాయి. అవి తీసి పక్కనెట్టి, మిగతాది నింపేసి."

"ఏటవి?"

"కొత్త పొట్టి ఆల్బమ్. నీ లిస్టుకి పనికొస్తాదని తెచ్చేను. ఆ గుంట ఎలగ పాడిందనుకున్నావు! మా స్టాండు మొత్తం అదే మోగుతంది."

పెదబాబు నాలుగు పాటలూ కంప్యూటర్లోకి లాక్కుని, కార్డు తుడిచేసి, కొత్తవి ఎక్కించడం మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు అని చూపించింది తెర. బాబీ టీకి వెళ్ళాడు.

చోడవరం బస్టాండు దగ్గర సంధ్యారాణి మొబైల్ షాపులో, కవర్లూ చార్జర్లూ వేలాడదీసిన గోడ పక్కన, ప్లాస్టిక్ స్టూలంత జాగా పెదబాబుది. యాభై మూడేళ్ళ మనిషి. సన్నగా, కాస్త ముందుకి వంగి ఉంటాడు. హెడ్‌ఫోన్ పట్టీ కింద జుట్టు నొక్కుకుపోయి, నడినెత్తి మీద ఒక చారలా మిగిలిపోయింది. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే దాన్ని ఎర్ర వైరు చుట్టి బిగించుకున్నాడు. అందరి చేతుల్లోకీ నెట్టు వచ్చాక పాటలెక్కించుకునేవాళ్ళు కరువైపోయారు. ఆటోలవాళ్ళూ, చెరకు ట్రాక్టర్లవాళ్ళూ మిగిలారు. గోవాడ ఫ్యాక్టరీ దగ్గర లోడుతో క్యూలో నిలబడితే పొద్దు గడవాలి కదా మరి.

వాళ్ళందరికీ పెదబాబు లిస్టంటే గురి. ప్రతి ఏడూ డిసెంబరు ఆఖరి వారంలో తెల్లకాగితం మీద నీలం స్కెచ్‌పెన్నుతో అయిదు పేర్లు రాసి అద్దానికి అంటిస్తాడు. సినిమా పాటలు కాదు. మూడు నాలుగు పాటలతో చిన్నచిన్నవాళ్ళు సొంతంగా చేసుకుని యూట్యూబ్‌లో వదిలే పొట్టి ఆల్బమ్‌లు. వాటికి అతను పెట్టిన కొలత ఒకటే: చోడవరంలో ఆటో ఎక్కితే అనకాపల్లిలో దిగేలోగా మొదలై అయిపోవాలి. ప్రతి పేరు పక్కనా తన మాట ఒకటి ఉంటుంది. ఈ ఏడు అయిదో నంబరు విశాఖ కాలేజీ పిల్లలది: "గిటారు బాగుంది. మూడో పాట వదిలేయండి." నాలుగోది సన్నాయి ఒక్కటే: "భోజనాలప్పుడు వినకండి, తిండి మర్చిపోతారు." మూడోదీ, రావికమతం అన్నదమ్ముల డప్పు పాటల రెండోదీ రాసేశాడు. ఒకటో నంబరు దగ్గర మాత్రం పదిరోజులుగా కాగితం ఖాళీగా ఉంది. మనసుకి పట్టనిదాన్ని మొహమాటానికి ఒకటి చేసే రకం కాదు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని బాబీ తెచ్చినవి మొదలుపెట్టాడు. మొదటి పాట, ఊడుపు పాట. ఆ పిల్ల గొంతు లేతగా, సూటిగా ఉంది. వెనక తాళం ఎక్కడా మీద పడటం లేదు. పెదబాబు తెలియకుండానే మడమతో నేల కొడుతున్నాడు. రెండో పాటకి వెన్ను నిటారుగా అయింది. వరస ఎక్కడో విన్నదే. ఊడుపు పాటలన్నీ విన్నట్టే ఉంటాయిలే అనుకున్నాడు. మూడో పాటలో రెండు చరణాలయ్యాక వాయిద్యాలన్నీ ఆగి, ఆ పిల్ల ఒక్కతే అందుకుంది:

"పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయి, సూస్తా కూకున్నావేటి మావా..."

పెదబాబు మడమ ఆగిపోయింది.

ఆ ముక్క ఏ ఊడుపు పాటలోనూ లేదు. ఉండదు. అది పోయిన మాఘమాసంలో ఒక ఉదయం అతని వంటింట్లో పుట్టింది. పెళ్ళాం చిన్నతల్లి స్టవ్ పక్కన పీట మీద కూర్చుని, సిగ్గుపడుతూ, నవ్వాపుకుంటూ, ఆ ఉదయమంతా అతని ఫోనుకి నాలుగు పాటలు పాడింది. మూడోది పాడుతుండగా పాలు పొంగాయి. పాట ఆపితే మళ్ళీ మొదట్నుంచీ పాడాలని ఈయన గొడవ. అందుకని పాట ఆపకుండా, వరస తప్పకుండా, మొగుణ్ణి అదే రాగంలో తిట్టింది. ఈయన మాత్రం కదిలితేనా! ఫోను అలాగే పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. పాలు పోయాయి, గిన్నె మాడింది, పాట మిగిలింది.

ఫోన్లో జాగా లేక కార్డులోనే రికార్డు చేశాడు. తప్పిపోకుండా దాని వెనక చిన్నతల్లి గోళ్ళ రంగుతో ఎర్రగా "చి" అని రాశాడు. రాసి, రికార్డింగు శుభ్రం చేసి పెట్టరా అని గౌరీశంకర్‌కి ఇచ్చాడు. గౌరీశంకర్ ముప్పై ఏళ్ళ స్నేహితుడు. ఇద్దరూ ఒకే షాపులో క్యాసెట్లకి కాపీలు తీస్తూ మీసాలు పెంచినవాళ్ళు. ఇప్పుడు వాడికి అనకాపల్లిలో చిన్న స్టూడియో ఉంది. చిన్నతల్లి చేతి చేపల పులుసు తినకుండా చోడవరం దాటిన రోజు లేదు వాడికి. శ్రావణంలో చిన్నతల్లి నాలుగు రోజుల జ్వరంతో పోయింది. దినాలయ్యాక పెదబాబు కార్డు అడిగితే, పాడైపోయిందిరా, చదవటం లేదు, పారేసేను అన్నాడు. పెదబాబు నమ్మాడు. పైగా వాణ్ణే ఓదార్చాడు. ఊరందరికీ కాపీలు చేసిపెట్టిన మనిషి ఇంటిదాని గొంతుకి కాపీ చేసుకోలేదు, ఎవర్ననగలడు?

ఫోను తీసి యూట్యూబ్‌లో ఆల్బమ్ కింద పేర్లు చూశాడు. గానం: కీర్తి. రచన, స్వరకల్పన: గౌరీశంకర్. ముందు కోపం రాలేదు. సిగ్గు వేసింది, ఎవరో నలుగురిలో తన చొక్కా విప్పేసినట్టు. ఆ తర్వాత వచ్చింది కోపం. గౌరీశంకర్ నంబరు నొక్కాడు.

"ఒరే శంకరా. కార్డు పాడైపోయిందన్నావు."

"అప్పుడు అలగ సెప్పేన్రా," అన్నాడు గౌరీశంకర్. "అప్పటికే ఆ గుంట చేత పాడించేసేను. ఒదిన పోయి నెల కాలేదు, నువ్వేమో ఏడస్తా కూకున్నావు. నీకెలగ సెప్పమంటావు?"

"దాని పేరెందుకెయ్యలేదు?"

"ఊడుపు పాటలకి పేరేట్రా? అవి ఊరందరివీని."

"పాలు పొంగింది ఊరందరింట్లోనూ కాదురా. మా ఇంట్లో పొంగేయి."

అంతలోనే పెదబాబు గొంతు తగ్గించాడు. "పోనీ, పేరూ వద్దు ఏటీ వద్దు. నా కార్డు నాకిచ్చీరా. దాని గొంతు ఒక్కసారి వింటాను."

"కార్డెక్కడుందిరా? ఉన్నయి డిలీట్ చేసి, ఆల్బమ్ ఎక్కించి, ఆటోలోళ్ళకి యాభై కార్డులు పంచేం. దాన్లో కలిసిపోయింది." వాడి గొంతులో కాస్త ధైర్యం వచ్చింది. "అయినా డిలీటే గదా, నీకు తెలీదేటి? ఊరందరి పెళ్ళి ఫోటోలూ వెనక్కి తీసిచ్చిన మొనగాడివి. ఆ కార్డు దొరికితే సాలు, దాని మీద ఇంకేటీ ఎక్కకపోతే మొత్తం వచ్చెస్తాది."

కంప్యూటర్ టింగుమంది. బాబీ కార్డు నిండింది. ఇంకొక్క పాట కూడా పట్టదని తెర మీద అక్షరాలు.

పెదబాబు ఫోను పెట్టేశాడు. రీడర్‌లోంచి కార్డు లాగాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, ఎదుటివాడు ఇచ్చిన కార్డుని వెనక్కి తిప్పి చూశాడు. సగం గీసుకుపోయి, ఎర్రగా, "చి".

బాబీ టీ గ్లాసుతో వచ్చేసరికి అతను స్టూలు మీద లేడు. నేల మీద, వైర్ల మధ్య కూర్చుని ఉన్నాడు.

"ఏటైంది బాబాయ్?"

"ఈ కార్డెవరిచ్చేర్రా నీకు?"

"స్టాండుకాడ పంచేరు. కొత్త ఆల్బమని. ఏం?"

పెదబాబు చెప్పాడు. రెండు ముక్కల్లో అయిపోయింది. బాబీ గ్లాసు కింద పెట్టాడు. "నానే నింపమన్నాను గదా బాబాయ్," అన్నాడు.

"నువ్వు నింపమన్నావు. నింపింది నాను."

పెదబాబు ఊరుకోలేదు. మధ్యాహ్నం అన్నం మాని, పోయినవాటిని వెతికే ప్రోగ్రాములన్నీ ఒకటి తర్వాత ఒకటి నడిపాడు. వరసలు వరసలుగా పేర్లు తేలాయి. అన్నీ తను పొద్దున ఎక్కించినవే. ఒక మూల ఖాళీ వదిలి ఉంటే ఆ మూల ఆమె నవ్వు ముక్కైనా దొరికేది. ఎక్కడా గోటి సందు లేదు. అంత బాగా చేశాడు పని. మూడు గంటలకి మౌస్ వదిలేశాడు. చిన్నతల్లి రెండోసారి వెళ్ళిపోయింది, ఈసారి మొగుడి చేతి మీదుగా.

బయట చెరకు ట్రాక్టరు ఒకటి గోవాడ వైపు పోతోంది. బాక్సుల్లోంచి ఆ పిల్ల గొంతు: పాలు పొంగిపోతన్నాయి, సూస్తా కూకున్నావేటి మావా. టీ కొట్టు దగ్గర ఇద్దరు నవ్వుతూ తామూ అందుకున్నారు. ఆ పిల్లని ఏమనగలడు? బాగా పాడింది. ఈ ఏడు వచ్చినవాటిల్లో దాని కాలిగోటికి సరిపోయేది లేదని అతని చెవికి తెలుసు. ఆ చెవి మీద అతనికి అసహ్యం వేసింది.

లిస్టు కాగితం తీసి, స్కెచ్‌పెన్ను మూత విప్పి, ఖాళీగా ఉన్న ఒకటో నంబరు దగ్గర నిదానంగా రాశాడు: "చిన్నతల్లి. నాలుగు పాటలు. వెనక వాయిద్యాలు లేవు, స్టవ్ చప్పుడు ఉంది. మూడో పాటలో పాలు పొంగుతాయి."

అద్దానికి అంటిస్తుంటే సంధ్యారాణి కౌంటరు వెనకనుంచి వచ్చి చదివింది. ఆవిడ మంచి మనిషి. మొగుడు పోయాక షాపు తనే నడుపుతోంది.

"ఒకటోది నాకూ ఎక్కించండి పెదబాబు గారూ. ఇంట్లో వింటాను."

"అది దొరకదమ్మా."

"దొరకందాన్ని లిస్టులో ఎందుకు రాసేరు?"

"బాగుంటాదమ్మా. అందుకు రాసేను."

పెదబాబు కంప్యూటర్ ఆపాడు. హెడ్‌ఫోన్ వైరు చుట్టి స్టూలు మీద పెట్టాడు. బాబీ కార్డు తిరిగి తీసుకోనన్నాడు, నాకొద్దు బాబాయ్ అని దండం పెట్టేశాడు. పెదబాబు దాన్ని జేబులో వేసుకోబోయి, మళ్ళీ తీశాడు.

"రేపట్నుంచి రానమ్మా," అన్నాడు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని రోడ్డు మీదికి దిగాడు.

మర్నాడు సంధ్యారాణి షట్టరు ఎత్తేసరికి ఎండ సరాసరి అద్దం మీద పడింది. లిస్టులో ఒకటో నంబరు పక్కన, రెండు ముక్కల టేపు కింద, అంచుల దాకా నిండిన కార్డు వెనక వైపుకి తిరిగి, ఎర్రగా కనిపిస్తోంది.