గబ్బిలం బరువు

తెల్లారగానే గోనెసంచి భుజాన వేసుకుని కొండ మీది గాలిమరల కిందికి వెళ్ళడం అక్కయ్య పని. మరల రెక్కలు తగిలి చచ్చిపడిన పక్షుల్నీ గబ్బిలాల్నీ ఏరుకొచ్చి తూచాలి. ఆ పని ఇప్పించింది ఆమె సొంత తమ్ముడే. అక్కడ అతనే సూపర్‌వైజర్. అతన్ని చూసి పనివాళ్ళంతా ఆమెను అక్కయ్య అనేవారు.

ఎక్కువగా పడేవి రెండు: కొండగద్ద, బూడిదరంగు గబ్బిలం. రెండూ అంతరించిపోతున్నవాటి జాబితాలో ఉన్నవే. జాతిలో ఎంత తక్కువ మిగిలితే, చచ్చినది అంత బరువు తూగేది. అందుకని కంపెనీ అక్కయ్యకు తోపుడుబండీ, నడుముకి పట్టీ ఇచ్చింది.

మొదటి ఏడు గద్దను ఎత్తడానికి నలుగురు కావలసి వచ్చింది. ఆ ఫొటో పేపర్లో పడి గగ్గోలు పుట్టింది. అప్పట్నుంచి గద్ద కనిపిస్తే మర ఆపడానికి కాపలా మనిషిని పెట్టారు. గూళ్ళలో పిల్లలు నిలిచాయి. ఇప్పుడు ఎప్పుడైనా ఒక గద్ద పడినా అక్కయ్య ఒంటిచేత్తో ఎత్తేస్తుంది. గబ్బిలానికి ఏడాదికి ఒకటే పిల్ల. అగ్గిపెట్టెంత ప్రాణి, నిరుడు సిమెంటు బస్తా అంత తూగింది. ఈ ఏడు ఇద్దరు మనుషులంత.

“గాలి తక్కువున్న సాయంత్రాలు రెండు గంటలు మరలు ఆపరా. అవి పురుగుల కోసం వచ్చేది ఆ పూటే,” అంది తమ్ముడితో.

“గద్దకైతే అడిగేవాళ్ళున్నారక్కా. గబ్బిలమంటే జనం మొహం తిప్పుకుంటారు. పైవాళ్ళకి ఏమని చెప్పను?”

“నా నడుము చూపించు.”

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఆ వారమే ఏడో మర కింద ఒక గబ్బిలం పడింది. పడ్డచోట నేల గుంటపడింది. అక్కయ్య రెండు చేతులా లాగినా కదల్లేదు. ఎంతకీ రాలేదని వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడికి, కూలబడి ఒగరుస్తున్న అక్కను చూసి ప్రాణం ఉసూరుమంది.

“లే అక్కా, నేను తీస్తా.”

“వద్దురా, క్రేన్ పిలిపించు.”

“ఇంతోటి దానికి క్రేనా? నలుగురూ నవ్విపోతారు.”

వంగి ఎత్తాడు. జానెడు లేచింది కూడా. అంతలో అతని వెన్నులో ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

నడుము కింద ఇక స్పర్శ రాదన్నారు డాక్టర్లు. మూడోరోజు అతను మంచం మీద నుంచే, సాయంత్రాలు మరలు ఆపాలని కాగితం రాయించి సంతకం పెట్టాడు. పైవాళ్ళు కిమ్మనకుండా ఒప్పుకున్నారు.

మరలు ఆగిన సాయంత్రం అక్కయ్య కొండ మీద చీకటి పడేదాకా నిలబడింది. పురుగులు మొహం చుట్టూ ముసురుకున్నాయి. వాటిని తినడానికి ఒక్కటంటే ఒక్క గబ్బిలమూ రాలేదు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి తమ్ముడు మేలుకునే ఉన్నాడు.

“ఎన్ని వచ్చాయక్కా?”

అక్కయ్య దుప్పటి కొస అతని పాదాల కిందికి దోపింది.

“లెక్కపెట్టలేకపోయానురా,” అంది.