కుంటి దరువు

ఫల్గుణ సిల్వర్ ఓక్ ఆకుల్ని కుప్పకు చేర్చేలోపే గాలికి మరికొన్ని రాలాయి. వెనక్కి వచ్చి వాటినీ ఊడ్చాడు. రిసార్టు గుడారాల మధ్య దారి మంచుకు తడిసి ఉంది. చీపురు లాగినప్పుడల్లా ముద్దగా ఒక చప్పుడు వస్తోంది. అతను వింటున్నది దాన్నే. సర్, సర్, సర్ర్‌ర్. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. పొడుగుదాని చివర చెయ్యి ఆగాలి. ఆ ఆగడమే రావడం లేదు. చెయ్యి తనంతట తానే ఇంకొకసారి ఊడ్చేసి, లెక్కను నాలుగు చేసేస్తోంది.

బక్కపలచని మనిషి. ఎవరో టూరిస్టు వదిలేసి వెళ్ళిన ఎర్ర స్వెట్టరు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. బొటనవేళ్ళు పక్కకు తిరిగి, అరికాళ్ళు వెడల్పుగా, ఎక్కడ నిలబడినా నేలను పట్టుకున్నట్టు ఉంటాడు. పగలు ఊడవడం, మొక్కలకు నీళ్ళు పెట్టడం. సాయంత్రం నెగడు చుట్టూ థింసా ఆడే ఆడవాళ్ళకు గిన్నెలాంటి తుడుము డప్పు వాయించడం. జీతమంతా ఊడ్చినందుకే. తుడుముకు టీ, ఒక ప్లేటు పకోడీ.

ఎడమ చెయ్యి నిన్నటి నుంచి బరువుగా ఉంది. భుజం దులుపుకుని మళ్ళీ చీపురు పట్టాడు.

"ఏటి ఫల్గుణా, ఊడుత్తన్నావా, ఆట కడతన్నావా?" మేనేజరు సుబ్బారావు మెట్ల మీద నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు.

"సారూ, సాయంత్రం ఆటకి రాను. మనవరాలికి దరువెయ్యాల."

"సరేలే. హరీష్ దగ్గర నీ దరువుంది కదా, అదెట్టీమంటాను." నురగ ఉమ్మి నవ్వాడు. "అదైతే పకోడీ కూడా అడగదు."

ఫల్గుణ కూడా నవ్వాడు. సుబ్బారావు చెడ్డవాడేమీ కాదు. చాలా ఏళ్ళ కిందట, మొదటిసారి వాయించిన రోజున, టూరిస్టులు ఆడవాళ్ళ నడుములు పట్టుకుని వరసలో కలిశారు. థింసాలోని వంకర దరువు రాగానే అందరి కాళ్ళూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక పెద్దావిడ చెప్పు తెగింది. "అందరికీ వచ్చేటట్టు కొట్టవయ్యా," అన్నాడు సుబ్బారావు. కొట్టాడు. నాలుగు నాలుగుగా, ఎవరూ తడబడకుండా. కిందటేడు సౌండు పెట్టె చూసుకునే హరీష్ దాన్ని రికార్డు చేసి, కంప్యూటర్లో ఇంకా సాపు చేశాడు.

మధ్యాహ్నం భోజనానికి కొండెక్కాడు. దారికి రెండు వైపులా వలిసె చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి, వాటిలో నిలబడి కొత్త పెళ్ళివాళ్ళు ఫోటోలు దిగుతున్నారు. నడుస్తూ తొడమీద వేళ్ళతో కొట్టుకున్నాడు. పొట్టి, పొట్టి, పొడుగు. కాళ్ళు అడ్డం వచ్చాయి. రెండు కాళ్ళ మనిషి నడకంతా సరి లెక్కే. నిలబడి కొట్టాడు. అదే సరి లెక్క. ఊపిరందక ఒక రాయి మీద కూర్చున్నాడు.

ఆ దరువును ఊరికే వాయించకూడదు. అదీ చిక్కు. నడక రాని బిడ్డ కోసం తల్లి తరఫు తాత వాయించాలి, పొద్దు గూకకముందు, కళ్ళంలో, బిడ్డను ఎవరూ పట్టుకోకుండా నేల మీద వదిలి. పెళ్ళిలో కొట్టకూడదు, పండక్కి కొట్టకూడదు, నేర్చుకోవడానికైనా తుడుము మీద కొట్టకూడదు. వాయిస్తుంటే చూసి పట్టుకోవాలంతే. పిల్లనిచ్చిన మామ అతని కూతురు చిన్నమ్మలు కోసం వాయించినప్పుడు పక్కనే కూర్చుని పట్టుకున్నాడు. తర్వాత ఊళ్ళో పిల్లలు అందరూ వేళకే నడిచారు. మామ పోయాడు. పట్టుకున్నదేదో చేతిలోనే ఉందనుకున్నాడు. మొన్న కూతురు బస్సు దిగి, చంకలో బిడ్డతో గుమ్మంలోకి వచ్చినప్పుడు గాని లేదని తెలియలేదు.

ఇంటి ముందు చిన్నమ్మలు బిడ్డ కాళ్ళకు నూనె రాస్తోంది. కీర్తికి రెండో ఏడు నిండబోతోంది. బొద్దుగా, మాటకారిగా ఉంటుంది. చెయ్యి పట్టుకుని నిలబెడితే నిలబడుతుంది, వదిలితే కూలబడుతుంది.

"పెద్దాసుపత్రిలో ఏటన్నారు?" అడిగిందే మళ్ళీ అడిగాడు.

"బొమికలు బాగున్నాయంట. కొందరు లేటంట. ఆగాల అన్నారు." చిన్నమ్మలు తల ఎత్తలేదు. "ఎంతకని ఆగుతానయ్యా? పక్కింటావిడ రోజూ తలుపు తీసి, నడిసిందా అంటాది. మాయత్త వొచ్చినపుడల్లా నా వంకే సూత్తాది, నేనేదో తినకూడనిది తిన్నట్టు. రాత్రులు దీని కాళ్ళు తడుముతా కూకుంటాను."

"కుంటి దరువేత్తే అదే—"

"ఆ మాటొద్దే. కుంటి అనకు."

రేపు పొద్దున్న బస్సుకు ఆమె విశాఖపట్నం వెళ్ళిపోవాలి. అక్కడ మొగుడు ధనరాజు సెంట్రింగు పనిలో ఉన్నాడు, ఒక్కడే వండుకుంటున్నాడు. ఉన్నది ఈ సాయంత్రమే.

రాజులమ్మ కాఫీ తోట నుంచి వచ్చింది, బుట్ట తాడు నుదుటి మీద గాడి చేసి ఉంది. అంబలి తాగుతున్న మొగుడి వేళ్ళు గిన్నె మీద కొట్టుకోవడం చూసింది.

"రాలేదా?"

"వత్తాది."

"నీ సెయ్యికి గవర్నమెంటు ఉజ్జోగం వచ్చీసినాది మావా. టైముకెల్లి టైముకొత్తాది." అంటూనే అతని ఎడమ భుజం పట్టి చూసి, నూనె గిన్నె తెచ్చింది. "ఇదేటి, రాయిలాగున్నాది."

"ఊడిసి ఊడిసి."

పొద్దు వాలే వేళకు కళ్ళంలో గడ్డి మంట వేశాడు. తుడుమును సెగకు తిప్పి తిప్పి పట్టుకున్నాడు. తోలు బిగిసి, వేలు తగిలితే ఖంగుమంది. గుండ్రటి అడుగు ఒరిగిపోకుండా గడ్డి చుట్ట మీద పెట్టుకుని, రాటకు ఆనుకుని కూర్చున్నాడు. చిన్నమ్మలు బిడ్డను కళ్ళం మధ్యలో దించి దూరంగా వెళ్ళి నిలబడింది. చీర కొంగు గుప్పిట్లో నలిపేస్తోంది.

వాయించాడు. రెండు, రెండు. సాపుగా, గట్టిగా, టూరిస్టుల దరువు. కీర్తి కోడిపెట్ట వంక చూస్తోంది.

ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. పొట్టి, పొట్టి, పొడు... చెయ్యి ఆగలేదు. పొడుగు దెబ్బ తర్వాత ఉండాల్సిన ఆ ఖాళీలో తనే ఇంకో దెబ్బ పడిపోయింది. మూడోసారీ అంతే. నుదుటి మీద చెమట పట్టింది, డిసెంబరు చలిలో. కూతురి వంక చూడలేకపోయాడు.

"పోన్లే అయ్యా," అంది చిన్నమ్మలు. "నీకొచ్చింది ఏసినావు కదా."

అతను పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

కోడిపెట్ట గడ్డి వామి వైపు నడిచింది. కీర్తి దాని వెంట బయలుదేరింది, తన పద్ధతిలో. ఒక అరచెయ్యి, ఇంకో అరచెయ్యి, ఆపైన కూర్చున్న ఒళ్ళంతా ఒక్క ఈడ్పు. ఈడ్చుకున్నాక కాస్త ఆగి, ఊపిరి పీల్చి, మళ్ళీ. చెయ్యి, చెయ్యి, ఈడ్పు.

ఫల్గుణ చూస్తూ ఉండిపోయాడు. మామ వాయించినప్పుడు తను మామ చేతుల్నే చూశాడు. మామ దేన్ని చూస్తూ వాయించాడో చూడలేదు.

పుల్లలు తీసుకున్నాడు. బిడ్డ అరచెయ్యి పడినప్పుడు ఒక దెబ్బ వేశాడు. రెండో చేతికి ఒకటి. ఈడ్చినప్పుడు పొడుగ్గా ఒకటి. బిడ్డ ఆగితే ఆగాడు. లెక్క పెట్టలేదు. కోడిని మరిచిపోయి కీర్తి వెనక్కి తిరిగింది. అనుమానంగా ఒక చెయ్యి నేల మీద వేసింది. తుడుము మోగింది. రెండోది వేసింది. మోగింది. ఈడ్చుకుంది. పొడుగ్గా మోగింది. బిడ్డ పకపకా నవ్వింది.

"అదే," అంది రాజులమ్మ లోగొంతుతో. "మాయయ్య ఏసిందదే."

తాత దరువును కళ్ళమంతా తిప్పింది కీర్తి. కావాలని ఆగి, అతను ఆగాడో లేదో చూసి, మళ్ళీ కదిలింది. తిరిగి తిరిగి అతని దగ్గరికి వచ్చి, మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. ఒక పాదాన్ని నేల మీద టపటప కొట్టింది. నడవలేదు. కాని కూలబడలేదు కూడా. చిన్నమ్మలు చెయ్యి తనకు తెలియకుండానే తొడమీద కొట్టుకుంటోంది. పొట్టి, పొట్టి, పొడుగు.

అతను పుల్లలు దించాడు. "కాసిన్ని నీల్లియ్యమ్మా."

అదే సమయానికి కింద రిసార్టులో ఆట మొదలైంది. గాలి ఇటు తిరిగి చప్పుడు కొండ మీదికి తేలి వచ్చింది, నాలుగు నాలుగుగా, సాపుగా.

"ఎవులది?" అన్నాడు ఫల్గుణ.

"నువ్వే కదయ్యా. హరీష్ ఎక్కించినది."

కాసేపు విన్నాడు. "ఎంత బేగి ఎల్లిపోతందో సూడు," అన్నాడు. "ఎవులి కోసవూ ఆగదు."

చిన్నమ్మలు గ్లాసు తెచ్చేసరికి అతను రాటకు తల ఆనించి ఉన్నాడు. ఒళ్ళో పుల్లలు, వాటి మీద చేతులు. బిడ్డ ఇంకా అతని మోకాలు పట్టుకునే ఉంది. "అయ్యా, నీల్లు," అంది. గ్లాసు అతని చేతికి తాకించింది. వేళ్ళు ముడుచుకోలేదు.

రాజులమ్మ వచ్చింది. ఎర్ర స్వెట్టరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. బిడ్డ వంక చూసి, "గుంటని తియ్యి," అంది, అంతే.

ఇరుగుపొరుగు వచ్చి అతన్ని లోపలికి మోసుకెళ్ళారు. ఎవరో రిసార్టుకు ఫోను చేశారు. కాసేపటికి కింద తుడుము చప్పుడు మధ్యలోనే తెగిపోయింది. చిన్నమ్మలు అయ్య పాదాల దగ్గర కూర్చుని, వెడల్పాటి ఆ అరికాళ్ళను తడుముతోంది, రాత్రుళ్ళు బిడ్డ కాళ్ళు తడిమినట్టు. ఉన్నట్టుండి ఒళ్ళో బిడ్డ లేదని గుర్తొచ్చి గుమ్మంలోకి పరుగెత్తింది.

కీర్తి కళ్ళంలో ఉంది. గడ్డి మంట ఆరిపోయింది. రెండు చేతులతో తుడుము అంచు పట్టుకుని లేచింది. తాత మోకాలిలా అది నిలవలేదు, గడ్డి చుట్ట మీంచి జారి ఒరిగింది. బిడ్డ మెల్లగా కూర్చుండిపోయి, ఏడవకుండా, దాన్నే చూస్తోంది. చల్లారిపోయిన తుడుము గుండ్రటి అడుగు మీద అటు ఊగింది, ఇటు ఊగింది, మళ్ళీ అటు పూర్తిగా ఒరిగి, అక్కడ కాస్త ఆగింది.