తాబేలు తోక

కుట్టుగదిలో పెద్దాయన గొంతు వినబడిందంటే ఇస్త్రీపెట్టె చెయ్యి కాల్చిందన్నమాట. అంతకుమించి ఆయన నోరు విప్పే మనిషి కాదు. కోడళ్లిద్దరూ ఎంబ్రాయిడరీ మిషన్ల మీద బొమ్మలు కుడితే, ఆయన దారపు పోగులు కత్తిరించి, ఇస్త్రీ చేసి, మడతపెట్టేవాడు. బొమ్మ కుట్టేటప్పుడు గుడ్డ ముడుచుకుపోకుండా అడుగున కాగితం వెయ్యాలి. కుట్టడం అయ్యాక దాన్ని చింపెయ్యాలి. ఆ కాగితం పని కూడా ఆయనదే.

బొమ్మలన్నీ ఆయన భార్య గీసినవి. గొడుగు పట్టుకున్న కోడిపుంజు, స్వెటర్ వేసుకున్న చేప, అద్దంలో చూసుకుని అలిగిన గాడిద, ఇలాంటివి. పెద్దకోడలు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ కుట్టు తర్వాత ఏ కుట్టు పడాలో మిషన్‌కి తెలిసేలా మార్చేది. కొంతకాలం కిందట పెద్దాయన భార్య రెండు కళ్లకూ మధ్యలో మసక కమ్మింది. చుట్టుపక్కల అంతా కనిపిస్తుంది గానీ చూడాలనుకున్న చోటే కనిపించదు.

"మీ మొహం తప్ప గోడంతా కనబడుతోందండీ," అంది ఒకరోజు.

"గోడే నయం," అన్నాడాయన.

చూపు ఆ మాత్రమైనా ఉండగా ఆవిడ గీసిన చివరి బొమ్మ తాబేలు. దాని డిప్పకి చిన్న కిటికీ, కిటికీలో దీపం. చిన్నకోడలికి నెలలు నిండుతుంటే అత్తగారు ఒకటే మాట అంది. "పుట్టబోయే బిడ్డ దుప్పటి మీద ఆ తాబేలు కుట్టండమ్మా. నా బొమ్మల్లో ఎవరికీ అమ్మనిది అదొక్కటే."

చిక్కు అక్కడే వచ్చి పడింది. పాత కంప్యూటర్‌లో చోటు లేక పెద్దకోడలు బొమ్మలన్నీ అరచేతిలో పట్టే ఒక నల్లటి హార్డ్ డిస్క్‌లోకి మార్చేసింది. ఆవిడ దారాలు కొనడానికి బజారుకెళ్లిన పూట, చిన్నకోడలు ఆ తాబేలు తానే కుట్టుకుందామని డిస్క్‌ని తీసుకెళ్లి నేరుగా కొత్త మిషన్‌కి తగిలించింది. పాత మిషన్ ఏమడిగినా కుడివైపు మీట నొక్కితే కుట్టు మొదలయ్యేది. ఆ అలవాటు వేళ్లకి పట్టేసింది. కొత్త మిషన్ తెరమీద చిన్న అక్షరాల్లో ఏదో అడిగింది. ఈవిడ కుడివైపు నొక్కేసింది. డిస్క్‌లో ఉన్నదంతా తుడిచి తనకి తగ్గట్టు మార్చుకోనా అని అది అడిగిందని తర్వాత తెలిసింది.

తెర ఖాళీగా కనబడింది. డిస్క్ పనిచేస్తోందో లేదో చూద్దామని చిన్నకోడలు హోటల్ తువ్వాళ్ల మీద కుట్టాల్సిన అక్షరాల ఫైళ్లు అందులో వేసి చూసింది. అవి చక్కగా కనబడ్డాయి. మిగతావే ఎక్కడా లేవు.

బజారు నుంచి వచ్చిన పెద్దకోడలు సంచీ కింద పెట్టకుండానే తెర ముందు నిలబడిపోయింది.

"ఏం నొక్కావే?"

"ఎప్పుడూ నొక్కేదే అక్కా," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు కాసేపు అవీ ఇవీ నొక్కి చూసి మామగారి వైపు తిరిగింది. "పోన్లెండి. అత్తయ్య గీసిన కాగితాలు మీ దగ్గరున్నాయిగా మామయ్యా. మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకుందాం."

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "వాడేశాను."

"దేనికి?"

"అడుగున."

కోడళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచి దళసరి కాగితం, బొమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కాక ఇక దాంతో పనేముంది, పారెయ్యడానికి ఆయనకి మనసు రాలేదు. గుడ్డ బిగించే ఫ్రేముకి సరిపోయేలా కత్తిరించి గుడ్డల కింద వేశాడు. సూది దాన్ని తూట్లు పొడిచింది. తన చేత్తోనే చింపి చెత్తబుట్టలో వేశాడు.

"అత్తయ్యతో ఇప్పుడే అనకండి మామయ్యా," అంది చిన్నకోడలు.

అనకపోవడం ఆయనకి కష్టమైన పని కాదు. కానీ ఆ రోజు అది కూడా బరువనిపించింది.

డిస్క్‌ని పట్టుకుని ముగ్గురూ చెప్పుల దుకాణం పైనున్న ఇరుకు గదికి వెళ్లారు. పాడైన డిస్క్‌ల్లోంచి ఫైళ్లు బయటికి తీసే అతన్ని అందరూ డాక్టరనే పిలుస్తారు. ఏ డిస్క్ తెచ్చినా ముందు వైరు తగిలించి చెవి ఆనించి వింటాడు.

"ఊపిరి బాగానే ఉంది," అన్నాడు డాక్టరు. "లోపల మీ బొమ్మలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే గుర్తులు పోయాయంతే. అలా జరిగాక ఇందులో కొత్తగా ఏమన్నా వేశారా?"

చిన్నకోడలు అక్క వెనక్కి జరిగింది. "తువ్వాళ్లు."

"తువ్వాళ్లా?"

"వాటి మీద కుట్టే అక్షరాలండీ."

"అవి వెళ్లి ఎవరి మీద కూర్చున్నాయో తీస్తేగానీ తెలీదమ్మా. కూర్చున్న చోట కిందిది ఇక రాదు."

తియ్యడానికి చాలా రోజులే పట్టింది. ఇంట్లో అత్తగారు తాబేలు మాట ఎత్తినప్పుడల్లా చిన్నకోడలు లేచి వంటింట్లోకి పోయేది. పెద్దాయన అప్పటికే ఇస్త్రీ చేసినదాన్ని మళ్లీ ఇస్త్రీ చేసేవాడు.

ఫైళ్లు వచ్చాయి. పేర్లు పోయాయి, అంకెలే మిగిలాయి. డాక్టరు గదిలోనే కూర్చుని పెద్దకోడలు ఒక్కొక్కటే తెరిచింది. కోడిపుంజు వచ్చింది, గొడుగుతో సహా. చేప వచ్చింది. గాడిద వచ్చింది, అలక తీరకుండానే. చిన్నకోడలి మొహం కొంచెం కొంచెం విప్పారింది. చివరికి తాబేలు తెరుచుకుంది. డిప్ప, కిటికీ, దీపం గీత గీతగా పడ్డాయి. ఆ తర్వాత పిచ్చిగీతలు. కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పటి ఫొటో అసలే రాలేదు.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మిగతాదాని మీద తువ్వాలు పరిచేశారమ్మా. దీనికిక మందు లేదు."

ఆ సాయంత్రం పెద్దాయన రోజూలాగే మిషన్ల మీద ముసుగులు కప్పుతున్నాడు. పాత మిషన్ ముసుగు చేతిలో గరగరలాడింది. దాని మీద వరసగా బాతులు కుట్టి ఉన్నాయి. సొంతానికి కుట్టుకున్నది, లోపల అస్తరు వేసిందే గదా అని ఆయన అప్పుడు కాగితం చింపలేదు. అది కుట్టింది ఎప్పుడు? భార్య పెన్సిల్ పక్కన పెట్టేసిన రోజుల్లో. ఆయన ముసుగు తిరగేసి, చిన్న కత్తెరతో అస్తరు కుట్లు విప్పడం మొదలెట్టాడు.

"బాగున్న ముసుగు ఎందుకు విప్పేస్తున్నారు మామయ్యా?" అంది పెద్దకోడలు.

"చూద్దామని."

బాతుల వెనక కాగితం అతుక్కుని ఉంది. దాని మీద పెన్సిల్ గీత. తాబేలు తల, ముందు కాళ్లు రెండూ. వాటి మీదుగా బాతుల ఆకారంలో సూది తూట్లు. ఫ్రేముకి ఎక్కువైన మిగతా ముక్కని ఆయనే కత్తిరించేశాడు.

పెద్దకోడలు కాగితం మీదికి వంగింది. "డిప్ప ఫైల్‌లో ఉంది. తల ఇక్కడుంది. ముందు కాళ్లని చూసి వెనక కాళ్లు చేసుకోవచ్చు. తోకే లేదు మామయ్యా."

తోక ఉన్నది ఒక్కచోటే. ఆయన వెళ్లి భార్య పక్కన మంచం మీద కూర్చున్నాడు.

"ఏదో పోయింది కదూ," అంది ఆవిడ. "కొన్నాళ్లుగా ఈ ఇంట్లో మీరొక్కరే కాదు, అందరూ మీలాగే తయారయ్యారు."

ఆయన చెప్పాడు. ఆ నెలంతా మాట్లాడేది ఆ ఒక్కపూటే మాట్లాడాడు. చిన్నకోడలి పొరపాటు తక్కువ చేసి, తనది ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నా కాగితాల మీద బాతుల్ని నడిపించారన్నమాట."

"ఊఁ."

"ఒక్కమాట అడగొచ్చుగా."

"అడిగితే వద్దనేదానివి."

ఆవిడ ఆయన చెయ్యి వెతికి పట్టుకుని అరచేతిలో వేలితో గీసింది. "తోక ఇలా ఎడమకి తిరిగి చివర కాస్త పైకి లేస్తుంది. ఎవరో తలుపు కొడితే విన్నట్టు. గియ్యండి."

"నాకు రాదు."

"నాకు కనబడదు. సరిపోయింది."

ఆయన గీశాడు, చెరిపాడు. మళ్లీ అరచెయ్యి చాపాడు, ఆవిడ మళ్లీ గీసి చూపించింది. చిన్నకోడలు వెనక నుంచి తొంగిచూసి, "అది తోకా, వంకరపోయిన ఇనప మేకా మామయ్యా?" అంది. అన్ని రోజుల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

దుప్పటి కుట్టడం అయ్యాక ఆవిడ ఒళ్లో పరిచారు. ఆవిడ వేళ్లు దీపం దగ్గర మొదలై, కిటికీ దాటి, డిప్ప చుట్టూ తిరిగి, తలనీ కాళ్లనీ తడిమి, తోక దగ్గర ఆగాయి.

"నేను చెప్పిన తోక కాదిది."

"కాదు," అన్నాడాయన.

"మరెవరిది?"

"నాది."

వేలు ఆ వంకర మీద ఇంకోసారి మెల్లగా నడిచింది.

"మీరు గీసిన కాగితం ఎక్కడుంది?"

"బీరువాలో."

"తాళం ఇలా ఇవ్వండి, మళ్లీ ఏ బాతుల కిందో వేసేస్తారు," అంది ఆవిడ.

ఆయన తాళం ఆవిడ అరచేతిలో పెట్టాడు.