ఎడమ చెయ్యి ఎత్తితే

గంజి చల్లారింది. వంతల చిట్టి దాన్ని పాత పంచె ముక్కలో వడగట్టి, బకెట్‌లోని ఎర్రరంగు నీళ్లలో పోసి, గరిటెతో నెమ్మదిగా కలిపింది. ఉత్త రంగునీళ్లయితే పంపునీళ్లలా గబగబా కారిపోతాయి. గంజి పడితేనే నెత్తురులా జారుతుంది, వేళ్లకు అంటుకుంటుంది. ఈ కిటుకు పాఠాలు చెప్పే మేడమ్ పుస్తకాల్లో ఎక్కడా లేదు. చిట్టి కనిపెట్టిందే. ఆ గొప్ప ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరూ అడగనూ లేదు.

అరకులో వలిసె చేల పక్కనున్న ఆ కేంద్రంలో కొత్తగా ఉద్యోగంలో చేరే నర్సులకు ఆరు వారాలు తర్ఫీదు ఇస్తారు. చిట్టి అక్కడ ఆయా. పెద్ద గదిలో నాలుగు మంచాల మీద నాలుగు రబ్బరు బొమ్మలుంటాయి. వాటికి ఒళ్లు తుడవడం, సూదులు పొడిచి పొడిచి చిల్లులు పడ్డ చేతులకు ప్లాస్టర్ వెయ్యడం, దుప్పట్లు మార్చడం ఆమె పని. ఎప్పుడు చూసినా నోరు తెరుచుకుని ఉండే బొమ్మకు సర్పంచి అని పేరు పెట్టింది. కదలక మెదలక పడుండే ఇంకోదాన్ని మా ఆయన అనేది. అమ్మాయిలు నవ్వేవారు. ఆ ఆయన పోయి పద్నాలుగేళ్లయిన సంగతి వాళ్లకు తెలియదు.

అసలు పని ఇంకొకటుంది. రబ్బరు పొట్ట కట్టుకోవడం. నిండు నెలల పొట్టలా ఉండే ఆ తొడుగును నడుముకు వార్లతో బిగించుకుని ఆమె మంచమెక్కి పడుకుంటుంది. లోపల రబ్బరు బిడ్డ, దాని వెనక ఎర్రనీళ్ల సంచి, సంచికో గొట్టం, గొట్టానికో క్లిప్పు. క్లిప్పు వదిలితే నెత్తురు పోతుంది, బిగిస్తే ఆగుతుంది. దుప్పటి కింద చిట్టి కుడిచెయ్యి ఎప్పుడూ ఆ క్లిప్పు మీదే. నర్సమ్మ చెయ్యాల్సినవన్నీ సరిగ్గా చేస్తే బిగించాలి, లేకపోతే వదిలెయ్యాలి. ఎడమచెయ్యి మాత్రం ఖాళీగా పెట్టుకోవాలి. ఆటలో ఉన్న మనిషికి నిజంగానే ఏమైనా ఇబ్బందైతే ఎడమ చెయ్యి ఎత్తాలి, ఎత్తగానే అందరూ ఆపెయ్యాలి. అది తర్ఫీదు ఇచ్చే నాగలక్ష్మి మేడమ్ పెట్టిన నియమం. నాలుగేళ్లలో చిట్టి ఆ చెయ్యి ఒక్కసారీ ఎత్తలేదు.

యాభై ఒక్కేళ్లు. పొట్టి మనిషి, బండలాంటి ఒళ్లు. ముక్కుకు రెండు పక్కలా పుడకలు, నుదుట పచ్చబొట్టు. కొండలెక్కి దిగిన కాళ్లు కాబట్టి వేళ్లు విచ్చుకుని, మడమలు పగిలి ఉంటాయి. పొట్ట కట్టుకోవడానికి మొదట్లో వేరే ఆయాలను అడిగితే ఛీ అశుభం అన్నారు. చిట్టి మాత్రం మారు మాట్లాడకుండా కట్టుకుంది. వార్లు తన నడుముకు చాలకపోతే పాత చీర అంచు కోసి తనే అతుకు కుట్టుకుంది.

అశుభం ఆమెకు కొత్తేం కాదు. పదకొండేళ్ల క్రితం, కొండ మీది ఓ చిన్న ఆసుపత్రిలో ఆమె కూతురు రత్న బిడ్డను కని, ఆ గంటలోనే నెత్తురంతా పోయి కన్నుమూసింది. అప్పుడు గదిలో ఓ చిన్న నర్సమ్మ ఉంది. ఉద్యోగంలో చేరి తొమ్మిది రోజులట. మందు ట్రేలోనే ఉంది, సూది చేతిలోనే ఉంది. ఆ పిల్ల మాత్రం గోడకు అంటుకుపోయి రెండు చేతులూ వణుకుతుంటే నిలబడిపోయింది. చిట్టి ఆమెను ఒక్క మాట అనలేదు. ఊళ్లోవాళ్లు కొట్టడానికి వస్తే అడ్డంగా నిలబడింది కూడా. "ఆ గుంట తప్పేటి? దాని సేతులు ఎప్పుడైనా రగతం సూసినాయా?" అంది. ఆ మాట ఆమెలోనే ఉండిపోయింది. నాలుగేళ్ల క్రితం ఈ పొట్ట కంటబడగానే, ఇది తన పనేనని అనుకుంది.

ఆ పొద్దున లేచినప్పటి నుంచీ ఆమెకు వీపులో ఏదో పట్టేసినట్టుంది. చద్ది చోడి అంబలి గ్యాస్ అయిందనుకుని వాము నమిలింది.

తొమ్మిదింటికి బీపీ చూడటం. ఎప్పటిలాగే అమ్మాయిలకు చిట్టి చెయ్యే దొరికింది. సాయిదుర్గ పట్టీ చుట్టి, గొట్టం చెవులకు పెట్టుకుని, రెండుసార్లు విని, చిన్న గొంతుతో చెప్పింది.

"నూట ఎనభై మేడమ్. కింద నూట పది."

సాయిదుర్గది రాజవొమ్మంగి దగ్గర పల్లె. జీడిమామిడి తోటల్లో కాయలు ఏరుకుని చదువుకున్న పిల్ల. చేతులు బంగారం, నోరు మాత్రం రాదు. రబ్బరు పొట్టతో పెట్టే కాన్పు పరీక్షలో ఇప్పటికే రెండుసార్లు తప్పింది.

మేడమ్ నుదురు ముడిపడింది. "నూట ఎనభయ్యా? అలా ఉంటే ఈపాటికి పడుంటుంది కదా ఆవిడ! ప్రసన్నా, నువ్వు చూడు."

ప్రసన్న బ్యాచ్‌లోకల్లా చురుకైనది. పట్టీ బిగించి, చకచకా గాలి కొట్టి, వదిలేసింది. "వన్ థర్టీ బై ఎయిటీ మేడమ్."

"అదీ. చెవి పెట్టి వినాలి దుర్గా. భయపడుతూ వింటే మన గుండె చప్పుడే మనకు వినబడుద్ది."

అందరూ నవ్వారు. చిట్టి కూడా నవ్వింది. ఆమె చెయ్యి మీద రోజూ పది అంకెలు పుడతాయి, సాయంత్రానికి చెరిగిపోతాయి. వాటిలో ఏదో ఒకటి తనదై ఉండొచ్చని ఆమెకు ఎన్నడూ తోచలేదు. సాయిదుర్గ ఒక్కతే నవ్వకుండా పట్టీని మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

పదకొండింటికి కిరండూల్ రైలుబండి కూత వినబడే వేళకు చిట్టి గిన్నెలు కడుగుతోంది. చెమటలు పట్టాయి. డిసెంబరు చలిలో చెమటేమిటని కొంగుతో తుడుచుకుంటుంటే సాయిదుర్గ వచ్చి పక్కన కూలబడింది.

"ఇయ్యాల తప్పితే నన్ను పంపించేత్తారు పిన్నీ. ఇంటికే."

"ఎందుకు తప్పుతావే?"

"నాకు నోరు రాదు. చెయ్యి చేసేత్తాది. చెప్పడం మర్చిపోతాను. చెప్పకపోతే మేడమ్ టిక్కు పెట్టరు."

అది నిజమే. ఆ గదిలో చేసిందీ పైకి చెప్పాలి, చేయడానికి వీల్లేనిదీ పైకి చెప్పాలి. పక్కనున్నవాళ్లకు వినబడితేనే ప్రాణాలు నిలబడతాయని మేడమ్ అంటారు, అందులో అబద్ధం లేదు. అయితే మందు సీసాలు ఖాళీవి కాబట్టి "ఇంజెక్షన్ ఇచ్చాను" అంటే ఇచ్చినట్టే. పడుకున్న మనిషికి ఏ జబ్బూ లేదు కాబట్టి మణికట్టు పట్టుకుని "నాడి చూస్తున్నాను" అంటే చాలు, నెత్తురు పోతున్న మనిషికి నాడి ఎంతుండాలో మేడమ్ తన కాగితం చూసి అంకె చెబుతారు. ఆ అంకెను మళ్లీ పైకి అంటే టిక్కు. ఇదంతా చిట్టికి నచ్చేది కాదు. నోటితో పెట్టిన అన్నం ఆకలి తీర్చదని ఒకసారి మేడమ్‌తో అనబోయి, ఆయా మాటకు విలువేమిటని మింగేసింది.

ఈ పిల్ల ఒక్కతే చేత్తో చేసే పిల్ల. పాసైతే చిట్టి పుట్టిన కొండ వైపే పోస్టింగు. రత్న పోయిన ఆసుపత్రిలోనే. రత్న కన్న గంగ ఇప్పుడు పదకొండేళ్లదై ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. దానికీ ఒకనాడు కాన్పు వస్తుంది. ఆనాటికి ఆ గదిలో వణకని చేతులుండాలి. చిట్టికి ఉన్న ఆశ అదొక్కటే.

అందుకే తనకు నచ్చని మాటే తన నోటితో చెప్పింది.

"ఒలే గుంటా, ఇయ్యాలొక్క రోజు నా మాట ఇను. మేడమ్ ఏటంటే అదే అనీ. నీ సేతులేటి సెప్తన్నాయో ఇయ్యాలకి ఇనకు. నోరిప్పి గట్టిగా సెప్పీ, బేగి పాసైపో. తర్వాత నీ సేతులు నీకుంతాయి."

"తప్పు చెప్తే?"

"నానుంతాను కదే మంచం మీద. సైగ సేత్తాను."

పన్నెండున్నరకు ప్రసన్న వంతు అయింది. సాయిదుర్గది ఆఖరు. చిట్టి పొట్టలో ఎర్రనీళ్లు మళ్లీ నింపుకుని, వార్లు బిగించుకుని మంచమెక్కింది. పడుకోగానే వీపులో పట్టింది ఛాతీలోకి పాకింది. దవడ లాగింది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కి, తనది కానట్టుంది. ఇది గ్యాస్ కాదని ఆమెకు అప్పుడే తెలిసింది.

చెయ్యి ఎత్తుదామా అనుకుంది. ఎత్తితే ఆట ఆగిపోతుంది. పొట్ట కట్టుకునేవాళ్లు ఇంకెవరూ లేరు, ఆ పిల్ల పరీక్ష ఇక జరగదు. సాయంత్రం ఫలితాల కాగితం వెళ్లిపోతుంది. పది నిమిషాల పని. కాయలు నిండిన గంప మోస్తూ ఇంతకంటే పెద్ద నొప్పితోనే కొండ దిగింది తను. ఓర్చుకుందామనుకుంది.

"మొదలుపెట్టు," అన్నారు మేడమ్.

చిట్టి మూలిగింది. ఎప్పటికంటే బాగా మూలిగిందని తరువాత అందరూ అనుకునేటట్టు మూలిగింది. రబ్బరు బిడ్డ బయటికొచ్చింది. సాయిదుర్గ దాన్ని తుడిచి ఛాతీ మీద పెట్టింది. "బిడ్డ ఏడ్చింది మేడమ్," అంది గట్టిగా. ఆ గొంతు విని ప్రసన్నే తలెత్తి చూసింది.

చిట్టి క్లిప్పు వదిలింది. దుప్పటి ఎర్రబడింది.

"నెత్తురు ఎక్కువగా పోతోంది. సాయానికి పిలుస్తున్నాను. గర్భసంచి రుద్దుతున్నాను. ఇంజెక్షన్ ఇచ్చాను." మాట మాటకూ కాగితం మీద పెన్ను కదిలింది. "నాడి చూస్తున్నాను."

రెండు వేళ్లు చిట్టి మణికట్టు మీద ఆగాయి. చెయ్యి మంచులా ఉంది, తడిగా ఉంది. వేళ్ల కింద నాడి నాలుగు అడుగులు వేసి, ఆగి, తడబడి, మళ్లీ ఎక్కడో సన్నగా కదిలింది. సాయిదుర్గ చిట్టి ముఖంలోకి చూసింది.

"నూట ఇరవై," అన్నారు మేడమ్, కాగితం మీంచి.

సాయిదుర్గ పెదవులు కదల్లేదు. పొద్దున అందరూ నవ్విన నవ్వు ఆమె చెవుల్లో ఉంది. మన గుండె చప్పుడే మనకు వినబడుద్దన్న మాటా ఉంది. చిట్టి ఆ పిల్ల కళ్లలో బెరుకు చూసింది. గోడకు అంటుకుపోయిన ఇంకో పిల్ల ముఖం గుర్తొచ్చింది. అయ్యో, మళ్లీ ఆగిపోతోందే అని ప్రాణం ఉసూరుమంది. ఉన్న బలమంతా కూడగట్టుకుని తల ఊపింది. సెప్పీ.

"నూట ఇరవై మేడమ్," అంది సాయిదుర్గ, వేళ్లు తీసేస్తూ.

ఇప్పుడిక చాలనుకుని చిట్టి ఎడమచెయ్యి ఎత్తబోయింది. చెయ్యి లేవలేదు. వేళ్లకు కబురు పంపినా అందడం లేదు. కుడిచేతిలో మాత్రం ఇంకా కాస్త పట్టుంది. దానితో పిలవొచ్చు, పక్కనున్న ట్రేను తోసెయ్యొచ్చు. కానీ క్లిప్పు బిగిస్తేనే నెత్తురు ఆగినట్టు. ఆగితేనే ఆ పిల్ల పాసు. ఆమె ఆ పట్టుతో క్లిప్పు బిగించింది.

"నెత్తురు ఆగింది మేడమ్. తల్లి బాగుంది."

"భేష్! ఇరవైకి ఇరవై," మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రసన్న కూడా కొట్టింది. సాయిదుర్గ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తూ నవ్వింది. "పిన్నీ, పాసైపోయాను పిన్నీ!"

చిట్టి కళ్లు సగం తెరిచి కప్పు వైపు చూస్తున్నాయి.

"చాల్లే చిట్టెమ్మా, లే. నీ నటన తగలెయ్య," మేడమ్ నవ్వుతూనే అన్నారు. ఒకటి, రెండు, మూడు క్షణాలు ఎవరూ కదల్లేదు. చిట్టి ఎప్పుడూ ఆఖర్న ఓ వేళాకోళం చేసి లేచేది, అదేదో అనుకున్నారు. మొదట కదిలింది సాయిదుర్గ. మెడ మీద వేళ్లు పెట్టింది. ఈసారి ఎవరూ అంకె చెప్పలేదు.

పొట్ట వార్లు కోసి లాగి పడేసి ఆమె చిట్టి ఛాతీ మీద అరచేతులు ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. మేడమ్ ఫోను పట్టుకుని అరుస్తున్నారు. ప్రసన్న చిట్టి ముఖానికి గాలి తిత్తి పెట్టి నొక్కుతోంది, ఏడుస్తోంది. సాయిదుర్గ నోటి నుంచి మాత్రం ఒక్క మాట రాలేదు. చేతులు ఆగలేదు, వణకలేదు. అంబులెన్సు వచ్చేదాకా ఇరవై ఆరు నిమిషాలు అలాగే నొక్కింది. వాళ్లు వచ్చి చూసి, ఆమె భుజం మీద చెయ్యేసి పక్కకు జరిపారు.

"పొద్దున నూట ఎనభయ్యే ఉంది మేడమ్," అంది అప్పుడు. "నాకు సరిగ్గానే వినబడింది."

బల్ల మీది కాగితంలో ఇరవై టిక్కులూ వరసగా ఉన్నాయి, నాగలక్ష్మి మేడమ్ దాన్ని తిరగేసి పెట్టారు. ఆశ్రమ పాఠశాలకు ఫోను చేసి గంగ అనే పిల్లను పిలవమని ఎవరు చెప్పాలో ఎవరికీ తెలియలేదు. కిటికీ అవతల పసుపుపచ్చని వలిసె పూలలో నిలబడి ఎవరో ఫొటోలు తీసుకుంటున్నారు.

మూడింటికి గది ఖాళీ అయింది. నేలంతా గంజి కలిసిన ఎరుపు, అప్పటికే అంచుల్లో ఎండి అట్ట కడుతోంది. రోజూ దాన్ని కడిగే మనిషి లేదు. మంచం పక్కన రబ్బరు పొట్ట బోర్లా పడి ఉంది. కోసిన వారుకు చీర అంచు అతుకు వేలాడుతోంది, సంచిలో ఇంకా సగం ఎర్రనీళ్లు మిగిలే ఉన్నాయి, గొట్టానికి క్లిప్పు గట్టిగా బిగించి ఉంది.