అక్క గది గడప

తొమ్మిదింపావుకల్లా కెలేపి స్నానం చేసి, కొబ్బరినూనె రాసి తల దువ్వుకొని, పెద్దమనుషుల ముందుకి వెళ్ళేటప్పుడు కట్టే కొత్త చాప నడుముకి బిగించుకొని, అక్క గది ముందు దొంగలా నిలబడి ఉన్నాడు. గడపకి ఇవతల. రెండు బారల దూరంలో, అక్క మంచం మీద, అతని రేకు డబ్బా.

ఆ డబ్బాలో వెనిల్లా కాయల కట్టలు పన్నెండు. తుఫాను మిగిల్చిన తీగల్ని వవౌ దీవిలో అతని ఊరంతా మూడేళ్ళు పసిపిల్లల్లా సాకి తీసిన తొలి పంట. ఈ మచ్చు చూసి మోసేసే అనే ఆక్లండ్ బేరగాడు ఔనంటే ఊరి పంట మొత్తం అమ్ముడుపోతుంది. కాదంటే తీగలు పీకి దుంపలు పాతుకోవడమే. రేవు పక్క బసలో దిగిన ఆ మోసేసే పది గంటలకి విమానాశ్రయానికి బయల్దేరతాడు. రేపు ఆదివారం. ఆదివారం ఈ రాజధాని నూకూఅలోఫాలో విమానం ఎగరదు, కొట్టు తెరవదు, కోడి కూడా గొంతు తగ్గించి కూస్తుంది.

కెలేపి రాజధానికి వచ్చింది రెండు పనుల మీద. పొద్దున బేరం, మధ్యాహ్నం రగ్బీ పోటీ. పోటీ కోసం కొనుక్కున్న ఎర్రటోపీ నిన్న ఓడ దిగిన గంటలోనే చేయి దాటింది. మేనకోడలు ఫూసీ "బాగుంది మావయ్యా" అని నెత్తిన పెట్టుకుంది. ఇక అది ఫూసీదే. మేనమామ సొత్తు మీద అక్క కూతురికున్న హక్కు రాజుగారికైనా లేదు. ఆమె అడగక్కర్లేదు, అతను కాదనకూడదు. ఇంత తెలిసి కూడా అంత విలువైన డబ్బా చంకన పెట్టుకొని అక్క ఇంట్లో దిగడం కెలేపి బుద్ధి తక్కువ.

రాత్రి ఫూసీ డబ్బా మూత తీసింది. "అబ్బ, ఏం వాసన! అమ్మ చాపలకి పట్టించి పొద్దున ఇచ్చేస్తాలే" అని అమ్మ మంచం మీద పెట్టింది. పొద్దున మరిచిపోయి బడి ఆటలకి పోయింది. అక్క లూపే చర్చి ఊడ్చడానికి వెళ్ళింది. ఫూసీకి ఫోన్ చేస్తే అది డబ్బా పక్కన దిండు కిందే మోగింది.

పెద్దయ్యాక తమ్ముడన్నవాడు అక్కతో ఎదురుపడి మాట్లాడడు, ఆమె గదిలో అడుగుపెట్టడు. పెడితే ఏమవుతుందో కెలేపి తాత చెప్పేవాడు. ఒకడు పెట్టాడట. ఆ కాలు పీతకాలై పక్కకే నడిచిందట. పాపం వాడు తన పెళ్ళికని బయల్దేరి, పక్కకీ పక్కకీ పోయి, ఎవరి చావింట్లోనో తేలాడట.

"ఏరా కెలేపీ, గుమ్మానికి దిష్టిబొమ్మలా వేలాడుతున్నావేం?" కంచె అవతలి నుంచి పక్కింటి ముసలాయన ఇసీలేలీ.

"తాతా, నీకు దండం పెడతా. ఆ డబ్బా తెచ్చిపెట్టు."

"నేనా? మీ అక్క పడగ్గదిలోకా? మా ఆవిడ నన్ను సొరచేపలకి వేస్తుంది. ముదురు మాంసమని అవీ తినవు. అటూ ఇటూ కాకుండా పోతాను."

"పోనీ మామ్మని పిలువు."

"చర్చిలో ఉంది. ఈ సందులో ఆడవాళ్ళంతా అక్కడే చీపుళ్ళు తిప్పుతున్నారు."

"ఎంత దూరం?"

"నీకు ఇరవై నిమిషాలు. నాకైతే రెండు రోజులు."

వెళ్ళి వచ్చేసరికి మోసేసే ఉండడు. తొమ్మిదిన్నర. సీమపనస చెట్టుకి ఆనించిన దోటి కంటబడింది.

"తాతా, కర్ర గడప దాటితే మనిషి దాటినట్టా?"

"కర్రకి అక్కలుండరురా. కానివ్వు."

కెలేపి గడప ముందు బోర్లా పడుకొని దోటిని మెల్లగా లోపలికి తోశాడు. కొక్కెం డబ్బా చెవికి తగిలింది, జారింది, మళ్ళీ తగిలింది. లేచింది. జానెడు జానెడే లాగాడు. సగం దూరం వచ్చింది. అప్పుడే అతని జేబులో ఫోను మోగింది.

దోటి కుదుపుకి డబ్బా చెవి ఊడి కొక్కేనికే చిక్కుకుంది. డబ్బా దభీమని నేల మీద పడి మూత ఊడింది. కట్టలు గదంతా దొర్లాయి. ఒకటి దొర్లుకుంటూ వచ్చి గడపకి అవతల, వేలెడు దూరంలో ఆగింది. ఆ వాసనకి నోరూరింది. అతని చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. వేళ్ళ కొసలు గడప అంచు దాకా వెళ్ళాయి. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఇసీలేలీ తాతా," వెనక నుంచి, చర్చి నుంచి తిరిగొచ్చిన లూపే గొంతు. "నా గది ముందు మొసలిలా పడుకున్నది ఎవరో కనుక్కో."

"మీ తమ్ముడే తల్లీ. లోపలికి మాత్రం పోలేదు. అంతా చూశాను."

కెలేపి లేచి తలవంచుకున్నాడు. తప్పు మేనకోడలిదని చెప్పడానికి నోరు రాలేదు. ఫోను ఇంకా మోగుతూనే ఉంది. మోసేసేకి ఏం చెప్పాలో తోచక, అక్క తీసుకునేలా దాన్ని మెట్టు మీద పెట్టి పక్కకి తప్పుకున్నాడు. లూపే చీపురు కిందపెట్టి తీసింది.

"ఎవరు? మోసేసేనా? బయల్దేరుతున్నావా? బయల్దేరు. దారిలో మా ఇంటికి రా. మా తమ్ముడి కాయలు నా గదిలో నేల మీద ఉన్నాయి, మా తమ్ముడు గడప బయట ఉన్నాడు. నువ్వూ ఒక అక్కకి తమ్ముడివేనా, కాదా?"

అంతలో ఫోను ఆగిపోయింది.

పదింటికి పది నిమిషాలుంది. ఐదు నిమిషాలుంది. కెలేపి రోడ్డు వంక చూడలేక చెట్టు వంక చూశాడు. కారు చప్పుడు వినిపించింది. పెట్టెతో సహా దిగాడు మోసేసే. గడప దగ్గరే ఆగి, లూపే ఏరి తెచ్చిన కట్టలోంచి ఒక కాయ లాగి వేలికి చుట్టాడు. విరగలేదు, బాగా మాగిన సరుకు.

"బరువు కోసం కొందరు లోపల మేకులు పెడతారు. అందుకని నేను ప్రతి కట్టా విప్పి చూస్తాను" అన్నాడు.

మోసేసే దోటిని చూశాడు, దానికి చిక్కుకున్న డబ్బా చెవిని చూశాడు, కెలేపి మట్టిపొట్టని చూశాడు. కట్ట విప్పకుండానే డబ్బాలో వేశాడు.

"ఊరి పంటంతా పంపు. వచ్చే నెల నా మనిషి వవౌ వస్తాడు." లెక్కపెట్టి తలెత్తాడు. "పదకొండే ఉన్నాయేం?"

"పన్నెండోది ఫూసీ నా చాపల్లో పెట్టుకుంది. అది దాని హక్కు" అంది లూపే. మోసేసే పదకొండు కట్టల మీదే మూత పెట్టాడు. అతనికీ మేనకోడళ్ళున్నారు.

మధ్యాహ్నం రగ్బీ మైదానంలో, టోపీ లేక నెత్తి మాడుతున్నా, కెలేపి ఆట చూసింది తక్కువ. మాటిమాటికీ కుడిచెయ్యి విప్పి చూసుకున్నాడు. ఐదు వేళ్ళూ నిటారుగానే ఉన్నాయి. ఒక్క చిటికెనవేలు మాత్రం, ఎందుకైనా మంచిదని, ఇంకోసారి చూసుకున్నాడు.