లోపల గుడ్డ ఉంది

“కుట్టేది నువ్వు, ఇస్త్రీ నాది.”

పెళ్ళయిన కొత్తలో మొగుడు అన్న మాటల్లో ఇన్నేళ్ళకీ నలుగురిలో చెప్పుకోదగ్గదిగా ఆమెకి మిగిలింది ఇదొక్కటే. తక్కినవన్నీ ఉతుకుల్లో రంగు వెలిసిపోయాయి. పొద్దున్నే లేచి వంట చేసి, గిన్నెలు తోమి, ఇంటి ముందు గదిలో ఉన్న టైలరింగ్ షాపు తలుపు తీసి, చీకటి పడేదాకా మిషను తొక్కేది ఆమె. కుట్టిన బట్టల అంచుల్ని కోస్తూ దారం అల్లే ఓవర్‌లాక్ మిషను నడిపేదీ, ఇస్త్రీ చేసి మడతపెట్టేదీ, గల్లాపెట్టె దగ్గర కూర్చుని నవ్వుతూ అందించేదీ ఆయన. బోర్డు మీద పేరూ ఆయనదే. బేరం సమంగా లేదని ఆమెకి తెలియక కాదు. కానీ అంతా పోగొట్టుకున్న చోట ఆ కాస్త ఇస్త్రీ అయినా తన వైపు జమ అయిందని సర్దుకుంది.

“ఏ మొగుడు చేస్తాడే ఇస్త్రీ! మావాడు కాబట్టి పెళ్ళాం చేతి కింద నిలబడ్డాడు,” అని అత్తగారు గుమ్మం పక్కన కుర్చీలో, పీలికలు కూరిన దిండు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చాటేది. కోడలు ఔనని తలూపేది. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఊపేది.

మిషను తొక్కేటప్పుడు కాళ్ళకి పని, బుర్రకి తీరిక. ఇంతకీ నేను చేస్తున్నది ఏమిటి అని ఆ తీరికలో ఆమె లెక్క చూసుకునేది. వండింది సాయంత్రానికి ఉండదు. తోమిన గిన్నె మళ్ళీ మసవుతుంది. తుడిచిన నేల మీదే చెప్పులతో తిరుగుతారు. తను పెట్టిన పెట్టుబడిలో నిలవ ఉండే సరుకంటూ ఏదైనా ఉందా? వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. కుట్టు పక్కన, లోపలి వైపు, రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ కోయకుండా వదలడం. ఎంత వరకు విప్పొచ్చో ఆనవాలుగా దాని మీద పసుపు దారంతో టాకాలు వేయడం. ఏ బట్టైనా, ఏ రంగైనా, టాకాలు మాత్రం పసుపే. కొలతలు తీసుకుంటూ ప్రతి మనిషికీ చెప్పేది: “లోపల గుడ్డ ఉంది. ఒళ్ళు చేశామని బట్ట పారేయకండి. తీసుకురండి, వదులు చేస్తాను.”

ఆ మాట విన్నప్పుడు ఆడవాళ్ళ భుజాలు కాస్త దిగేవి. కడుపులోకి పీల్చుకున్న గాలి వదిలేవాళ్ళు. రేపటి ఒంటికి కూడా చోటుందని ఒక మనిషి చెప్పడం వాళ్ళకి కొత్త. అది చూస్తే ఆమెకి ఆ పూట తిన్న అన్నం ఒంటబట్టినట్టుండేది. బతుక్కి అర్థం ఏమిటని ఎవరూ ఆమెని అడగలేదుగానీ, అడిగితే చూపించడానికి రెండు వేళ్ళ గుడ్డ ఉందని ధీమా.

ఒక రోజు మధ్యాహ్నం ఆయన దారపు రీళ్ళు కొనడానికి వెళ్ళాడు. ఒక నర్సు సంచిలోంచి తెల్ల చుక్కల నీలం గౌను తీస్తూ లోపలికి వచ్చింది.

“వాడు వచ్చాక రామ్మా. పాత బట్టల సంగతి వాడే చూస్తాడు,” అంది అత్తగారు, కుర్చీలోంచే.

“అక్క చూసినా చాలండీ. అక్కా, గుర్తున్నానా? గుడ్డ మా అమ్మ కొన్నది. కుట్టించుకున్నాక అమ్మ పోయింది. తర్వాత నాకు జబ్బు చేసింది, ఆ మందులకి చూడు, ఎలా ఉబ్బానో! రేపు మళ్ళీ డ్యూటీలో చేరుతున్నా. ఇదే వేసుకుని వెళ్ళాలని మనసు. లోపల గుడ్డ ఉందన్నావుగా?”

“గుర్తులేకపోవడమేంటి తల్లీ! పావుగంట కూర్చో, వదులు చేసి ఒంటి మీద వేసి పంపిస్తా.”

ఎంత హుషారుగా తిరగేసిందో గౌనుని! లోపల కుట్టు పక్కనే, దాదాపు కుట్టుని ఒరుసుకుంటూ, ఓవర్‌లాక్ అల్లిక. రెండో వైపూ అంతే. చేతుల కింద అంతే. పసుపు దారం పోగైనా లేదు.

ఇది నేను కుట్టినది కాదేమో అనుకుంది. మెడ పట్టీ చూసింది. తను కుట్టినదే. దండెం మీద డెలివరీకి సిద్ధంగా వేలాడుతున్న చొక్కా లాగి తిరగేసింది. మొన్న తన చేత్తో గుడ్డ వదిలింది. లేదు. ఆ పక్క గౌను. లేదు.

“ఏంటక్కా? చాలదా?”

ఆమె కత్తెర అందుకుని కుర్చీ దగ్గరికి వెళ్ళింది. “అత్తయ్యా, లేవండి.”

“ఎందుకే?”

“లేవండి.”

“నడుం పట్టేసిన దాన్ని లేపుతావేమిటే, నీకేం పొయ్యేకాలం,” అంటూనే లేచింది ఆవిడ, కోడలి చేతిలో కత్తెర ఉండటం చూసి. ఆ దిండు ఏటేటా లావెక్కుతూ వచ్చింది. కటింగు బల్ల కింద రాలిన ముక్కలు కూరుతోందనే ఇన్నాళ్ళూ కోడలు అనుకుంది. కుట్టు విప్పి బోర్లించింది. నేలంతా పీలికలు. ఎర్రవి, పచ్చవి, గళ్ళవి, అన్నీ రెండు వేళ్ళ వెడల్పువే. ప్రతిదాని మీదా పసుపు టాకాలు.

“నాకేం తెలుసమ్మా. ‘పారేయడం ఎందుకమ్మా, దిండు నింపుకో’ అని వాడే ఇచ్చాడు,” అని అత్తగారు గోడకేసి చెప్పింది.

అప్పుడే ఆయన వచ్చాడు. నేలనీ, నర్సునీ, భార్యనీ చూసి సంచి బల్ల మీద పెట్టాడు. తడబడలేదు. అదే ఆమెకి ముందు తగిలింది.

“సరే, కోశాను. గుడ్డ వదిలి వదిలి ఒకే గౌనుతో వాళ్ళు ముసలాళ్ళయితే కొత్తది ఎవరు కుట్టిస్తారు? షాపు నడవద్దా?”

“మరి నన్ను వదలొద్దని అనొచ్చుగా?”

“ఎందుకనడం? నీ మాట విని కాదూ జనం వచ్చేది! ఆ చివరి షాపువాడు లోపల గుడ్డ ఉందని చెప్తాడా? నువ్వు మనసారా చెప్తావు కాబట్టి నమ్ముతారు. నీకు తెలిస్తే అలా చెప్పలేవు.” ఆయన నవ్వాడు కూడా. “నీ సంతోషం నీకుంది, నా వ్యాపారం నాకుంది. మధ్యలో నీకొచ్చిన నష్టమేంటి?”

“విప్పించుకోడానికి వచ్చినవాళ్ళకి ఏం చెప్పారు?”

“ఏదో చెప్పా. గుడ్డ చివికింది, కుట్టు ఆగదు అని.”

పాత బట్టల సంగతి నేను చూసుకుంటాలే, నీకెందుకు తలనొప్పి అని ఆయన అన్నదాన్ని కూడా ఆమె ఇన్నాళ్ళూ ఆయన దయ కిందే రాసుకుంది. సందు చివర ఉండే లెక్చరరమ్మ ఎదురుపడి ఎందుకు మొహం తిప్పుకుందో ఇప్పుడు తెలిసింది. బాలింత అయిన పక్కింటి కోడలు మళ్ళీ ఎందుకు రాలేదో తెలిసింది. వాళ్ళ దృష్టిలో అబద్ధం చెప్పిన మనిషి ఆయన కాదు. మెడలో టేపు వేసుకుని, కళ్ళలోకి చూసి, లోపల గుడ్డ ఉందని చెప్పిన మనిషి. కష్టం దోచుకున్నాడంటే ఆమె ఆశ్చర్యపోయేది కాదు, అది అలవాటైన నష్టమే. ఈయన ఆమె నిజాయితీనే అద్దాల బీరువాలో పెట్టి ఎర చూపాడు. పైగా, అందుకు ఆయన వాడుకున్న కత్తి తను నలుగురిలో పొగిడిన ఆ ఇస్త్రీ వంతు.

నర్సు లేచింది. “పోనీలే అక్కా, నేను వెళ్తా,” అంది. గౌను కోసం చెయ్యి చాపింది.

“కూర్చో,” అంది ఆమె. నేల మీద కూలబడి పీలికలు ఏరడం మొదలుపెట్టింది. నీలం మీద తెల్ల చుక్కలవి. ఒకటి, దాని జోడీ, చేతుల కిందవి కూడా దొరికాయి. దిండు లోపల ఎండా నీళ్ళూ తగలక గౌను కన్నా కొత్తగా ఉన్నాయి. ప్రక్క కుట్లు విప్పి, పీలికల్ని తిరిగి జోడించింది. కుట్టు బయటికే కనిపిస్తుంది, దాచడానికి వీల్లేదు. దాచాలనీ చూడలేదు. ఓవర్‌లాక్ మిషను ముందు తనే కూర్చుని, అంచుల్లో వేలాడే పీచు మాత్రమే తెగేలా నడిపింది. వెనక ఆయన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టిన చప్పుడు వినిపించింది. ఏమీ జరగనట్టు, రోజూలాగే.

నర్సు వేసుకుని చూసుకుంది. సరిపోయింది. అద్దంలో రెండు ప్రక్కలా ముదురు నీలం చారల్ని వేళ్ళతో తడిమి, “అమ్మ కొన్న గుడ్డంతా ఇప్పుడు ఒంటి మీదే ఉంది,” అంది. మళ్ళీ లోపలికి వెళ్ళి విప్పి తెచ్చింది.

“ఇటివ్వు, ఇస్త్రీ చేసిస్తా,” అని ఆయన చెయ్యి చాపాడు.

ఆమె గౌను అందుకుంది. తిరగేసింది. లోపలి కుట్లు పైకి వచ్చేలా బల్ల మీద పరిచి, తనే ఇస్త్రీ చేసి, అలాగే మడతపెట్టి నర్సు చేతిలో పెట్టింది. దండెం మీది తన మనవడి చొక్కా కోసం అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పెద్దావిడ వింతగా చూసింది.

“అదేంటమ్మా, తిరగేసి ఇస్తున్నావు?”

“ఇక నుంచి ఇక్కడ అంతేనండీ,” అంది ఆమె. చొక్కా దింపి, తిరగేసి ఆవిడ ముందు పరిచింది. “ఈ చొక్కా లోపల గుడ్డ లేదు. ఉందని మీతో చెప్పింది నేను. కోసింది ఎవరో ఆయన్ని అడగండి.”