ఒంటిగంటకే లేచిన పొగ

సెంట్లు తయారుచేసే కంపెనీలో ఆయన పని, వాసన చూసి "ఊఁ" అనడమో "ఊహూఁ" అనడమో. అందుకే వీధి వీధంతా ఆయన్ని ముక్కు మాస్టారనే పిలుస్తుంది. ఆ ముక్కే మూడు వారాల కిందట జలుబు చేసి మొరాయించింది. జలుబు పోయింది గానీ వాసన తెలియడం మాత్రం తిరిగి రాలేదు. ఇంగువ వేయని చారుని కూడా "అద్భుతం" అంటుంటే భార్య పట్టేసింది. ఆమెకు తప్ప ఈ సంగతి మూడో కంటికి తెలీదు. తెలిస్తే ఇంకేముంది, కుర్చీ ఖాళీ చేయమంటారు!

ఇవాళ సాయంత్రం ఐదింటికి మేనేజరు ఫోన్ చేస్తాడు. కొత్త సెంటు ఒంటిమీద ఎలా నడుస్తుందో చెప్పాలి. ముందు అంజూరపండు వాసన, తర్వాత మిరియం, లవంగం, చివర్న కాలిన కట్టె పొగ రావాలి. కాగితం మీద చుక్క వేసి చూస్తే అన్నీ వరసగా వచ్చాయట. ఒంటి వేడికి పొగ లేవకపోతే మాత్రం సరుకంతా వెనక్కే.

"ఇవాళ నీ ముక్కు అరువివ్వవోయ్," అంటూ పొద్దున్నే భార్య మణికట్టు మీద రెండు చుక్కలు వేశాడు. "పొగ వచ్చేదాకా ఆ చేతికి నీళ్ళు తగలకూడదు."

"అయ్యో, మరి అంట్లో?"

"నేను తోముతాలే."

అన్నాడు మహానుభావుడు! నోరు జారాక అనుభవించక తప్పుతుందా? ఆవిడ దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అంట్లు తోమేసరికి, "ఇంకా పండేనండీ," అంది. ఇల్లు తుడిచేసరికి, "మిరియం వచ్చిందండోయ్," అని ఓ తుమ్ము తుమ్మింది. బట్టలు ఉతికి ఆరేసేసరికి లవంగం వచ్చింది. అక్కడే బండి ఆగిపోయింది. రెండైంది, మూడైంది. ఫ్యాను రెక్కలు తుడిపించింది, పరదాలు ఉతికించింది. ఎన్నిసార్లడిగినా లవంగమే!

నాలుగింటికి ఆయనకి నడుం పట్టేసింది. ఫోనుకి ఇంక గంటే ఉంది. ఏడుపొక్కటే తక్కువగా వచ్చి భార్య కుర్చీ పక్కనే నేలమీద కూలబడ్డాడు. మరుక్షణం లేచాడు.

"స్టవ్ మీద ఏదో మాడుతోందే!"

వంటింట్లోకి పరుగెత్తాడు. స్టవ్ ఆర్పేసే ఉంది. పొద్దున తను తోమిన గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. అక్కడ ఏ వాసనా లేదు. వెనక్కి వస్తుంటే అడుగడుక్కీ మళ్ళీ తగులుతోంది. గుమ్మంలో ఠక్కున ఆగిపోయాడు. ఒక్క ఉదుటున వచ్చి ఆ మణికట్టు పట్టుకున్నాడు. కట్టె పొగ! దాని కింద సన్నగా లవంగం, ఇంకా అడుగున పండు తీపి. సంతోషం పట్టలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చింది?"

"ఒంటిగంటకే."

"మరి లవంగం లవంగం అన్నావు!"

"చెప్పేస్తే ఫోన్ పట్టుకు కూర్చుంటారు. మీ అంతట మీకే తెలుస్తుందేమోనని ఆశపడ్డానండీ."

"తెలియకపోతే?"

"ఐదింటికి ముందు చెప్పేసేదాన్ని. ఫ్యానైనా శుభ్రపడేది కదా!" ఆవిడ నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

అన్నట్టే ఐదింటికి ఫోన్ మోగింది.

"పొగ లేచిందా మాస్టారూ? మీరే చూశారా?"

"లేచింది సార్. నేనే చూశాను."

ఫోన్ పెట్టేసినా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

"ఇంక వదిలితే కడుక్కుంటాను," అంది ఆవిడ.

"ఇవాళ్టికి కడుక్కోకు. రాత్రి అంట్లూ నేనే తోముతాను."